దాచిన బంతి విత్తనము తల్లిని పోలునా?

శ్రీరామనవమి, ముక్కోటి ఉత్సవములకు భద్రాచలములోను, బతుకమ్మ, దసరా పండుగలకు చుట్టుపట్ల గ్రామములలోను బంతిపూలు విరివిగా కావలయును. కొద్దిపాటి పెరడు గల రైతుకు సైతము ఇది నాలుగు రూపాయలు తెచ్చు పంట. అయితే నిరుటి ముద్దబంతి నుండి తీసిన విత్తనము నాటగా కొన్ని ముద్దగాను, కొన్ని రేకగాను, పలు రంగులతో పూయుట కద్దు. అట్టి పూలకు సంతలో ధర పలుకదు. ఇందుకు రెండు కారణములు గలవు.

పుప్పొడి కలయిక

వరి పువ్వు చాలవరకు తన పుప్పొడితోనే గింజ కట్టును. కనుక వరి విత్తనము తల్లిని పోలును. బంతి అట్లు కాదు. మనము ఒక పువ్వు అనుకొనునది అనేక చిన్న పూల గుత్తి. వెలుపలి రేకుపూలలో పుప్పొడి ఉండదు. అది నడిమి గొట్టపు పూలలో ఉండును. ముద్దబంతిలో ఈ గొట్టపు పూలు బహు తక్కువ. అందుచే తేనెటీగలు ప్రక్క మడిలోని రేకబంతి పుప్పొడిని తెచ్చి అంటించును.

సంకర రకములు

కొన్న నారు సంకర రకమైనచో, వేరే బంతి దరిదాపుల లేకున్నను రెండవ తరము చీలిపోవును. మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీ ప్రయోగములలో ఊదా, తెలుపు పూల మొక్కలను సంకరపరచగా తొలి తరమున అన్నియు ఊదా పూలే పూచినవి. వాటి సంతతి 929 మొక్కలలో 705 ఊదా పూలు, 224 తెల్లపూలు పూచినవి.

రైతులు చేయవలసినది

1. విత్తనమునకు సంకరము కాని రకమును ఎన్నుకొనవలెను. భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా నారంగి గైందా, పూసా బసంతి గైందా ఇట్టివి.

2. విత్తనపు మడిని ఇతర బంతి తోటలకు వీలైనంత దూరమున వేయవలెను. గ్రామమంతయు ఒకే రకము వేయునట్లు గ్రామాధికారులు పూనుకొనిన మరింత మేలు.

3. తొలి పూలు విచ్చగనే కేళీ మొక్కలను పీకివేయవలెను.

4. ఒక్క మొక్క నుండి గాక, పలు మంచి మొక్కల నుండి విత్తనము తీయవలెను. పూలు మొక్కపైననే ఎండిన పిమ్మట కోసి, నీడన ఆరబెట్టి, తేమ చేరని డబ్బాలో రకము పేరు వ్రాసి దాచవలెను.

5. సంకర రకమే కావలెనన్న ఏటేట విత్తనము కొనవలెను. లేదా లేత కొమ్మల కొనలను నాలుగు అంగుళముల పొడవున కత్తిరించి తడి ఇసుకలో నాటవలెను. ఇవి సుమారు రెండు వారములలో వేరు తొడుగును. కొమ్మ మొక్క అచ్చముగా తల్లివలెనే పూయును.

ఏ రకమో ఎరుగని విత్తనము చేతనున్నచో, దానిని పెరటిలో కొద్దిగా వేసి పూలు చూచుకొనవలెను. పండుగ సంతకు పెంచు మడిలో మాత్రము అట్టి విత్తనము వేయరాదు.