అన్ని శ్రుతులలో పియానో కార్డుల సాధన

మూడు లేదా అంతకంటె ఎక్కువ స్వరములను ఒకేసారి కలిపి పలికించుటను పాశ్చాత్య సంగీతములో '''కార్డు''' అంటారు. ఆ స్వరములలో ఏది క్రింద ఉండవలెను, ఏది పైన ఉండవలెను, దేనిని విడిచిపెట్టవచ్చును అను అమరికకు '''వాయిసింగ్''' అని పేరు. నేర్చుకొన్న ప్రతి అమరికను పన్నెండు శ్రుతులలోను తడుముకొనకుండ వాయించగలుగుటకు చేయు అభ్యాసము ఈ వ్యాస విషయము.

== మెట్లు, శ్రుతులు ==
తెలుగునాట హార్మోనియము వాద్యకారులు శ్రుతిని అంకెలతో చెబుతారు. సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అను తెల్ల మెట్లు వరుసగా 1 నుండి 7 వరకు గల శ్రుతులు. నల్ల మెట్లు 1½, 2½, 4½, 5½, 6½. పియానోలో పక్కపక్క మెట్ల మధ్య అంతరము ఎక్కడైనను సమానమే. కావున ఒకే కార్డు ఏ శ్రుతిలోనైనను ఒకే తీరుగా వినిపిస్తుంది. కాని చేతికి అది ఒకే తీరుగా తగలదు. 1 శ్రుతిలో మేజర్ కార్డు (సి, ఇ, జి) మూడు తెల్ల మెట్లపై ఉంటుంది. 2 శ్రుతిలో నడిమి మెట్టు నల్లనిది, 4½లో మూడును నల్లనివే. చెవికి ఒకటే అయినది వ్రేళ్ళకు పన్నెండు వేరువేరు పాఠములగుటయే ఇందలి కష్టము.

== సిద్దిపేట ప్రాంతములో అవసరము ==
సిద్దిపేట 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయినది. అంతకు ముందు ఇది మెదక్ జిల్లాలోని పట్టణము. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చి ఈ ప్రాంతపు క్రైస్తవ ఆరాధనకు ప్రసిద్ధ కేంద్రము. తెలుగు క్రైస్తవ కీర్తనలలో పాశ్చాత్య బాణీలవే గాక రాగతాళములలో కూర్చినవియు కలవు. ఈ రెండవ కోవలో పురుషోత్తమ చౌదరి (1803–1890) రచనలు ప్రసిద్ధములు. ఇటువంటి పాటలకు శ్రుతిని నిర్ణయించేది పుస్తకము కాదు, పాడేవారి గొంతు. భజనలలోను, పద్యనాటకములలోను ఇదే పరిస్థితి. గాయకుడు 5½లో ఎత్తుకొన్నచో, 1 శ్రుతి మాత్రమే తెలిసిన వాద్యకారుడు చేతులు కట్టుకొని కూర్చొనవలసినదే.

ఎలక్ట్రానిక్ కీబోర్డులలో ఇందుకు ట్రాన్స్‌పోజ్ మీట ఉంటుంది. అది నొక్కినచో చేయి 1 శ్రుతిలోనే ఉండి ధ్వని వేరొక శ్రుతిలో వస్తుంది. అత్యవసరమునకు ఇది మంచిదే, కాని సాధనకు శత్రువు. పియానోకు గాని, మామూలు హార్మోనియమునకు గాని ఆ మీట ఉండదు. పాట నడుమ శ్రుతి మారినచో దానిని నొక్కుటకు వ్యవధియు చాలదు.

== సాధన క్రమము ==
మొదట రెండు స్వరములతో ప్రారంభించుట మేలు. డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7 అను మూడు కార్డులు వరుసగా వచ్చునపుడు ఎడమ చేతితో డి, జి, సి లను వెదకుచు మూడు కార్డులను పూర్తిగా పట్టనక్కరలేదు. మొదటిదానికి ఎఫ్, సి. రెండవదానికి ఎఫ్, బి. మూడవదానికి ఇ, బి చాలును. ఒక్కొక్కసారి ఒక్క వ్రేలే, అదియు అర స్వరము మాత్రమే క్రిందికి జరుగుతుంది. మూల స్వరము కుడి చేతికో, తోడు వాద్యమునకో వదలవచ్చును. ఇదే కదలిక 4½ శ్రుతిలో బి–ఎఫ్ షార్ప్, బి–ఎఫ్, ఎ షార్ప్–ఎఫ్ అవుతుంది.

తరువాత ప్రతి శ్రుతినుండి దాని శుద్ధ మధ్యమమునకు జరుగుచు పోవలెను: సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ ఇత్యాది. పన్నెండు అడుగులలో తిరిగి సి చేరుతాము. కష్టమైన శ్రుతులను చివరకు మిగుల్చుకొను అలవాటున్నవారు రోజునకొక శ్రుతితో ప్రారంభించుట మంచిది. మంద్రస్థాయిలో దగ్గర స్వరములను కలిపి నొక్కినచో ధ్వని బురదవలె కలిసిపోతుంది. అచ్చట షడ్జ పంచమములు చాలును.

== రాగమునకు తగిన అమరిక ==
పాశ్చాత్య కార్డులను రాగముపై యథాతథముగా వేసినచో రాగము చెడుతుంది. మోహనలో స, రి, గ, ప, ద మాత్రమే కలవు. 1 శ్రుతిలో జి మేజర్ వాయించినచో నిషాదము (బి), ఎఫ్ మేజర్ వాయించినచో మధ్యమము (ఎఫ్) వచ్చి చేరుతాయి. రాగములోనే ఇమిడే మూడు స్వరముల మేజర్, మైనర్ కార్డులు సి మేజర్, ఎ మైనర్ రెండే. అందుచేత జి వద్ద బి ని విడిచి జి, డి, ఎ వాయించుట తగును. ఏ స్వరమును విడువవలెనో ప్రతి శ్రుతిలోను తెలిసి ఉండవలెను. 4½ శ్రుతిలో మోహన స్వరములన్నియు నల్ల మెట్లపైననే ఉంటాయి. అర మెట్టు పైకి, అనగా 5 శ్రుతికి జరిగినచో జి, ఎ, బి, డి, ఇ అను ఐదును తెల్ల మెట్లే.