వీణల ఊరు – గొల్లపల్లి

బొబ్బిలి వీణ పేరు వినని సంగీతాభిమాని తెలుగునాట అరుదు. అయితే ఆ వీణ పుట్టేది బొబ్బిలి కోటలో కాదు, రాజవీధిలోనూ కాదు. పట్టణాన్ని ఆనుకొని ఉన్న గొల్లపల్లిలో. కీర్తి పట్టణానికి దక్కింది, శ్రమ పల్లెకు మిగిలింది.

విజయనగరం జిల్లాకు ఉత్తరాన, తూర్పు కనుమల పాదాల చెంత ఉన్నది బొబ్బిలి ప్రాంతం. సాలూరు వైపు కొండలలో పుట్టిన వేగావతి ఈ మండలం మీదుగా సాగి, సువర్ణముఖితో పాటు సంగాం వద్ద నాగావళిలో కలుస్తుంది. అక్కడి సంగమేశ్వరుడు బలరామ ప్రతిష్ఠగా ప్రసిద్ధుడు. నది పల్లపు పొలాలకు నీరిచ్చింది. కొండవాలు మెరక నేలలు పనస, మామిడి, చింత వంటి వృక్షాలను పెంచాయి. వీణకు కావలసినది వీటిలో పనస.

బొబ్బిలి సంస్థానాన్ని పదిహేడవ శతాబ్దంలో పెద్దరాయుడు స్థాపించాడని చరిత్ర. తనను ఆదరించిన శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని 'షేర్' శబ్దానికి గుర్తుగా ఊరికి పెబ్బులి అని పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ చెబుతారు. వీణల తయారీ కూడా ఆ కాలంలోనే ఇక్కడ మొదలైందని వీణకారుల కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న మాట. ఇందులో అసంభావ్యమేమీ లేదు. ఇరవై నాలుగు మెట్లతో నేడు మనం చూసే సరస్వతీ వీణ రూపుదిద్దుకొన్నది ఆ శతాబ్దంలోనే, తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో అంటారు. రఘునాథనాయకుడు స్వయంగా తెలుగు కవి కూడా. అయితే తెలుగువారికి వీణ అంతకు ఎంతో ముందే పరిచితం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణల భేదాలను పెద్ద పట్టికగా ఇచ్చాడు. ఆ పేర్లు చదివినప్పుడు వాటిలో ఎన్ని మన చెవికి శాశ్వతంగా దూరమయ్యాయో అని దిగులు కలుగుతుంది.

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో కోట నేలమట్టమైంది. ఆ కథను బుర్రకథలు ఊరూరా చాటాయి. కోట పోయినా సంస్థానం మళ్లీ నిలిచింది, వీణా నిలిచింది. పొరుగున విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రధానాచార్యులుగా సంగీత కళాశాల వెలసింది. ఇలా వాయించేవారు, వినేవారు, చేసేవారు ఒకే సీమలో ఉండేవారు. 1948 నాటి చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఆస్థాన పోషణ అంతరించింది. అప్పటి నుండి గొల్లపల్లి వీణకారునికి ప్రభువు కొనుగోలుదారుడే.

ఇక్కడి వీణకారులలో 'సర్వసిద్ధి' ఇంటిపేరుగల కుటుంబాలు ప్రసిద్ధమైనవి. వారి వీణను 'ఏకాండి వీణ' అంటారు. అంటే ఒకే మానులో తొలిచినది. సాధారణంగా వీణలో కుండను, దండిని వేర్వేరు ముక్కలుగా చేసి అతుకుతారు. ఏకాండిలో ఈ రెండూ ఒకే దుంగ నుండి వస్తాయి. కుండపై మూసే పలక, సొరబుర్ర, గుర్రం, బిరడలు మాత్రం వేరుగా అమర్చేవి. దండి చివర కిందికి వంగిన యాళి ముఖం ఉంటుంది.

అతుకు లేకపోతే ఏమిటి విశేషం? తీగ కంపించినప్పుడు ఆ కంపనం గుర్రం మీదుగా పలకకు, కుండకు, దండికి పాకుతుంది. అతుకు ఉన్నచోట దానికి కొంత ఆటంకం. పైగా వానకాలపు తేమకు కలప ఉబ్బి, వేసవికి బిగుస్తుంది. అతుకు వదులైతే నాదం చెడుతుంది. అలాగని అతుకు వీణలు తక్కువవని అనరాదు. మహావిద్వాంసులు ఎందరో వాటి మీదనే వాయించారు. ఏకాండి మాత్రం తప్పును క్షమించని పద్ధతి. లోపల తొలిచేటప్పుడు ఉలి ఒక్కచోట లోతుగా దిగితే అతుకు వీణలో ఆ ముక్కను మార్చవచ్చు. ఇక్కడ దుంగ మొత్తం వ్యర్థమవుతుంది.

అందువల్లనే మాను ఎంపిక ముఖ్యం. బాగా ముదిరిన, పగుళ్లూ తొర్రలూ లేని, కుండ వెడల్పుకు చాలినంత లావుగల పనసమాను కావాలి. లేతమానుకు నాదముండదు. కోసిన దుంగను ఆరనిచ్చి, బాడిసతో ముతకగా చెక్కి, ఉలితో తొలిచి, చిత్రిక పట్టి నునుపు చేస్తారు. పనసచేవకు సహజంగా ఉన్న పసుపు వన్నె కాలం గడిచినకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఒక వీణకు దాదాపు నెల శ్రమ.

ఇంతవరకు చేతి పని. ఆపైది చెవి పని. మైనంలో బొగ్గుపొడి కలిపి దండి పొడవునా రెండు గట్లుగా పోస్తారు. వాటిపై ఇరవై నాలుగు ఇత్తడి మెట్లను నిలుపుతారు. పన్నెండు మెట్లకు ఒక స్థాయి చొప్పున ఒక్కొక్క తీగ మీద రెండు స్థాయిలు పలకాలి. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అనే నాలుగు వాయించే తీగలు. పక్కన ఉండే మూడు తాళపు తీగలకు మెట్లతో పని లేదు. మెట్టు వెంట్రుకవాసి జరిగినా ఆ స్వరం అపశ్రుతి అవుతుంది. అది నాలుగు తీగల మీదా అవుతుంది. దీనినే 'మేళం కట్టడం' అంటారు. వీణకారుడు కచేరీ చేయనక్కరలేదు గాని, స్వరస్థానం తెలియనివాడు మేళం కట్టలేడు. కొన్నేళ్లకు మైనం ఎండి, మెట్లు కదులుతాయి. అప్పుడు వీణను తిరిగి మేళం కట్టేవాని వద్దకే తేవాలి. చేసినవానికీ వాయించేవానికీ మధ్య ఇంత దీర్ఘమైన అనుబంధం ఉన్న వాద్యాలు తక్కువ.

బొబ్బిలి వీణకు 2011లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఆ పేరుతో వేరొకచోట చేసిన వస్తువును అమ్మరాదన్నది దాని సారం. పేరుకు రక్షణ ఏర్పడింది, సంతోషమే. కాని ఆ పత్రం పనసమానును పెంచదు, పిల్లవానికి స్వరజ్ఞానం కలిగించదు. పనస ముదరడానికి దాదాపు ఒక తరం పడుతుంది. పొలం ఇళ్లస్థలాలయ్యే చోట అంతకాలం చెట్టును ఎవరు ఉంచుతారు? ఊరు పట్టణంలో కలుస్తున్నకొద్దీ గొల్లపల్లి పిల్లలకు చదువూ వేరే ఉపాధులూ చేరువయ్యాయి. వారు వెళ్లడాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. నెల శ్రమకు వచ్చే ప్రతిఫలం ఎంతో వారికే తెలుసు.

ఇటలీలో పో నది ఒడ్డున క్రెమోనా అనే పట్టణం ఉంది. వయొలిన్లకు అది పుట్టినిల్లు. అక్కడి స్ట్రాడివరి 1737లో మరణించాడు. ఆయన వయొలిన్లు నేటికీ కచేరీలలో మ్రోగుతున్నాయి. కాని ఆయన తరువాత కొద్దికాలానికే ఆ ఊరి విద్య క్షీణించింది. వాద్యాలు మిగిలాయి, వాటిని చేసిన మనుషుల మెలకువలు మిగలలేదు. పరికరాలనూ నమూనాలనూ సేకరించి, 1938లో పాఠశాల నెలకొల్పి, ఆ విద్యను దాదాపు కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. క్రెమోనా వయొలిన్ నిర్మాణకళను 2012లో యునెస్కో గుర్తించింది. తెగిన గొలుసును అతకడానికి వారికి అంత కాలం పట్టింది. గొల్లపల్లిలో ఆ గొలుసు ఇంకా తెగలేదు.

ప్రస్తుతం గొల్లపల్లిలో చిన్న వీణల తయారీ కూడా ఉంది. సభలలో బహూకరించడానికి, ఇంటి అలంకరణకు వాటిని కొంటారు. అవి త్వరగా తయారవుతాయి, చిన్న చెక్క చాలు, అమ్మకమూ సులువే. ఈ వీణలే కొన్ని కుటుంబాలను వృత్తిలో నిలుపుతున్నాయి గనుక వాటిని చిన్నచూపు చూడనవసరం లేదు. అయితే ఒక భేదాన్ని గమనించాలి. బహుమతి వీణ మీద చెక్కడం నేర్చుకొన్న కుర్రవానికి ఉలి పట్టు వస్తుంది, యాళి ముఖం తీర్చడం వస్తుంది. దాని మెట్లు పలకనక్కరలేదు గనుక మేళం కట్టడం మాత్రం రాదు. అది పెద్ద వీణ ముందు, తీగ మీటి వినిపించే పెద్దవారి పక్కన కూర్చున్నవానికే వస్తుంది.