ట్రెంటన్‌లో కోత, ఇంటి పన్నులో వాత

న్యూజెర్సీలో 2024లో సగటు ఇంటి పన్ను 10,095 డాలర్లు. అమెరికాలో ఇంత పన్ను కట్టే రాష్ట్రం మరొకటి లేదు. ఎడిసన్‌లోనో, సౌత్ బ్రన్స్‌విక్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. కానీ పన్ను ఎందుకు పెరిగిందంటే ఎక్కువమంది టౌన్‌షిప్ మేయర్నో, స్కూల్ బోర్డునో తప్పుపడతారు. రాష్ట్ర రాజధాని ట్రెంటన్ ఎవరికీ గుర్తుకు రాదు. ఈ కథలో సగం అక్కడే మొదలవుతుంది.

ఇంటి పన్నులో సగానికి పైగా స్కూళ్లకు పోతుంది. పదింట మూడు వంతులు ఊరికి, మిగిలింది కౌంటీకి. ఊళ్లకు సాధారణంగా ఆదాయపు పన్ను గానీ, అమ్మకపు పన్ను గానీ వేసే అధికారం లేదు. ఆ రెండూ రాష్ట్రం వసూలు చేసి, కొంత వెనక్కి పంపుతుంది. 1976లో న్యూజెర్సీ ఆదాయపు పన్ను మొదలైనప్పుడే, ఆ సొమ్మంతా ఇంటి పన్ను భారం తగ్గించడానికే వాడాలని రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ చేసుకున్నారు. కరెంటు, గ్యాస్ కంపెనీల మీద ఒకప్పుడు ఊళ్లే వసూలు చేసుకున్న పన్నులు కూడా ఇప్పుడు రాష్ట్ర ఖజానా మీదుగానే వస్తాయి. అక్కడ లోటు వచ్చిన ఏడాది ముందుగా తగ్గేవాటిలో ఈ వాటా ఒకటి.

కోత ఎంత శాతం అన్నది చూస్తే సరిపోదు. ఊరి ఆదాయంలో ఇంటి పన్ను ఎంత, రాష్ట్రం సాయం ఎంత అన్నది చూడాలి. రెండు ఊళ్లు ఊహించుకుందాం. రెండింటి బడ్జెట్టూ 100 రూపాయలే అనుకుందాం. కలిగిన ఊళ్లో 75 ఇంటి పన్ను నుంచి, 5 రాష్ట్రం నుంచి వస్తాయి. పేద ఊళ్లో పన్ను 20, రాష్ట్రం సాయం 60. మిగతాది రెండు చోట్లా ఇతర రాబడి. రెండింటికీ సాయంలో సమానంగా 10 శాతం కోత పెట్టారు. మొదటి ఊరు పోగొట్టుకున్నది అర్ధరూపాయి, పన్ను 0.7 శాతం పెంచితే పూడిపోతుంది. రెండో ఊరు పోగొట్టుకున్నది 6 రూపాయలు. దాన్ని పన్నుతోనే పూడ్చాలంటే 30 శాతం పెంచాలి. అందరికీ ఒకే శాతం కోత పెట్టామని చెప్పుకునే ప్రభుత్వం నిజానికి పేద ఊరినే ఎక్కువ కొడుతోంది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

2010లో అలాంటి పెద్ద కోతే వచ్చింది. ఆ జనవరిలో గవర్నరైన క్రిస్ క్రిస్టీ ముందు దాదాపు 1,100 కోట్ల డాలర్ల లోటు ఉంది. కొత్త పన్నులు వేయనన్నారు. స్కూళ్ల సాయంలో 82 కోట్ల డాలర్లు, ఊళ్ల సాయంలో 44.6 కోట్ల డాలర్లు కోసేశారు. ఇంటి యజమానులకు రాష్ట్రం పంపే రిబేటు చెక్కులు కూడా ఆ ఏడాది ఆగిపోయాయి. 2009లో 7,281 డాలర్లున్న సగటు పన్ను 2010లో 7,576కి చేరింది. అంటే 4 శాతం. రిబేటు పోయినవాళ్ల జేబుకు పడిన చిల్లు అంతకంటే పెద్దది.

2011 నుంచి పన్ను వసూలు ఏటా 2 శాతానికి మించి పెంచకూడదని చట్టం వచ్చింది. అప్పుల చెల్లింపు, పెన్షన్లు, ఆరోగ్య బీమా ఖర్చుల్లో కొంత, అత్యవసరాలు దీనికి మినహాయింపు. ఆ ఏడాది సగటు పన్ను 2.4 శాతమే పెరిగి 7,759 అయింది. ఇంటివాళ్లకు ఊరటే. కానీ మన లెక్కలోని పేద ఊరికి 20 మీద 2 శాతం అంటే 40 పైసలు. మిగతా 5 రూపాయల 60 పైసలు ఎక్కడి నుంచి తేవాలి? ఉద్యోగాల్లోంచే.

కామ్‌డెన్ సరిగ్గా ఆ స్థితిలో ఉన్న నగరం. అప్పట్లో జనాభా 77 వేలు, బడ్జెట్లో సింహభాగం రాష్ట్రం డబ్బు. ఆస్పత్రులు, విశ్వవిద్యాలయం, ప్రభుత్వ భవనాలు చాలా స్థలాన్ని ఆక్రమించినా వాటికి ఇంటి పన్ను పడదు. 2011 జనవరి 18న ఒక్కరోజే 168 మంది పోలీసులను, 67 మంది అగ్నిమాపక సిబ్బందిని ఇంటికి పంపారు. పోలీసు బలగంలో అది దాదాపు సగం. తర్వాత కొందరిని వెనక్కి తీసుకున్నారు. 2012లో ఆ ఊళ్లో 67 హత్యలు జరిగాయి, అప్పటికి అదే రికార్డు. కోత ఒక్కటే కారణమని అనలేం, కానీ వీధుల్లో పోలీసులు కరువైన నగరం అది. 2013లో నగర పోలీసు శాఖనే రద్దు చేసి, బాధ్యత కౌంటీ బలగానికి అప్పగించారు.

కోత మన ఇంటి బిల్లులో కనిపించే తీరు కూడా తికమక పెడుతుంది. పన్ను ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్‌లలో నాలుగు వాయిదాల్లో కట్టాలి. మొదటి రెండూ పాత ఏడాది లెక్క ప్రకారం వేసే అంచనా వాయిదాలు. రాష్ట్రం సాయం ఎంతో తేలి, స్థానిక బడ్జెట్లు ఖాయమయ్యాక పెంపంతా చివరి రెండింటి మీద పడుతుంది. నిరుటి పన్ను 10,000, ఈ ఏడాది 10,400 అనుకోండి. ఫిబ్రవరిలో 2,500, మేలో 2,500 కడతారు. ఆగస్టులో 2,700 వస్తుంది. మరుసటి ఫిబ్రవరిలో 2,600 చూసి పన్ను తగ్గిందనుకుంటే పొరపాటే. అప్పు ఇచ్చిన బ్యాంకే ఎస్క్రో ఖాతాలోంచి పన్ను కడుతుంటే ఇదీ కనపడదు. కొన్నాళ్లకు నెలవాయిదా పెరిగిందని ఒక ఉత్తరం వస్తుంది, అంతే.

బిల్లు మీదే ఒక చిన్న గడి ఉంటుంది. రాష్ట్రం సాయం వల్ల మీ ఇంటి మీద ఎంత పన్ను తగ్గిందో ఊరు, స్కూలు, కౌంటీ వారీగా అందులో అచ్చు వేస్తారు. నిరుటి బిల్లు పక్కన పెట్టి ఆ గడి ఒక్కటి పోల్చి చూస్తే, పెంపులో ట్రెంటన్ వాటా ఎంతో, ఊరి ఖర్చు వాటా ఎంతో సుమారుగా తెలుస్తుంది. స్థానిక బడ్జెట్ ఆమోదించే ముందు బహిరంగ విచారణ జరపడం తప్పనిసరి. వీసా మీద ఉండి ఓటు లేనివాళ్లు కూడా అక్కడ మైకు ముందు నిలబడి ఈ అంకెల గురించి అడగవచ్చు.