జీవకణశాస్త్రము – మన బాలికలు

వైద్యకళాశాలల ప్రవేశపరీక్షా ఫలితములు వెలువడిన పిదప ఏటేట మా సీతాఫల్‌మండిలో ఒకే మాట వినవచ్చుచుండును: "డాక్టరు సీటు రాలేదు గదా, ఇక పిల్లచేత బి.యస్సి. చదివించి యేమి లాభము?" గత వేసవిలో మా పొరుగింటి బాలిక కన్నీరు తుడుచుకొనుచు వచ్చి, "అత్తయ్యగారూ, నాకు కణశాస్త్రమే యిష్టము. అందరును నన్ను చూచి జాలిపడుచున్నారు" అన్నది. ఆ జాలి తగదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా పేట పేరులోనే యున్న ఫలమును చూతము. సీతాఫలము తినునపుడు తొక్కకు దగ్గరగా పంటికి సన్నని యిసుకవలె తగులునది యేమి? మట్టి కాదు. అవి శిలాకణములు. ఒక్కొక్క కణము తన గోడను లిగ్నిను అను గట్టి పదార్థముతో మందము చేసికొని, లోపలి జీవము నశించిన పిదప రాతిరవ్వవలె నిలిచిపోవును. జామపండులోని గరుకుదనమును నట్టిదే. ఇన్నేండ్లుగా తినుచుండియు నాకీ సంగతి తెలియదు. ఆ బాలికయే చెప్పినది.

కణము లోపలి అణువుల వ్యవహారమును తెలుపునది అణుజీవశాస్త్రము. ఛందస్సు కొంచెమైనను చదివిన వారి కిది కొరుకుడుపడనిది కాదు. గురులఘువులు రెంటిని మూడేసిగా కూర్చినచో 8 గణము లగును గదా! డి.ఎన్.ఏ. అను సన్నని దారమునందు అక్షరములు 4. వానిని మూడేసిగా చదువుటచే 64 గణము లేర్పడును. అందు 61 గణములు 20 అమైనో ఆమ్లములకు గుర్తులు. తక్కిన మూడును "ఇచట నిలుపుము" అని చెప్పును. ఆ యామ్లములు పూలవలె వరుసగా గ్రుచ్చబడి మాంసకృత్తు తయారగును. ఈ లిపిని విప్పిన పనికే హరగోవింద ఖొరానాగారు మరి యిరువురితో కలిసి 1968లో నోబెలు బహుమానము పొందిరి. పద్యములో నొక యక్షరము తప్పినచో గణభంగ మగును. చెవికి మాత్రమే బాధ. రక్తమును గూర్చిన లిపిలో నొక్క యక్షరము మారినచో ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, బిడ్డ జన్మమెల్ల నొప్పులతో బాధపడును. మన గిరిజన కుటుంబములలో ఈ వ్యాధి నేటికిని కలదు. దీనిని తెలిసికొను చదువు, డాక్టరు చదువునకు మిగులుబడి యెట్లగును?

ఈ శాస్త్రమునకు మా సికిందరాబాదు పరాయిది కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసుగారు ఇక్కడనే దోమ కడుపుగోడలో నల్లని రవ్వలు గల కణములను కనుగొని, మలేరియా బీజము దోమలో పెరుగునని తెలిసికొనిరి. పంకా విసరినచో కోసిన దోమలు ఎగిరిపోవునని ఆ యుక్కలో గాలి లేకయే కూర్చుండిరట. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవట. నేడు మా పేటనుండి తార్నాకమీదుగా హబ్సిగూడ చేరినచో, 1977లో పుష్పమిత్ర భార్గవగారి సారథ్యమున ఆరంభమైన సి.సి.ఎం.బి. కలదు. కణములను, వాని లిపిని పరిశోధించుటయే అక్కడి పని. ఇక సీటు రాలేదని యేడ్చు పిల్లలకు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పవలెను. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పినవారు, 1929లో ఫిస్కుగారితో కలిసి కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని కండరమునుండి వేరుచేసి చూపిరి.

అయినను తల్లులకు నిజము దాచరాదు. మూడేండ్ల బి.యస్సి.తోనే మంచి యుద్యోగము దొరకుట కష్టము. ఎం.యస్సి. కావలెను, దానికి మంచి సంస్థలలో చేరుటకు జామ్ వంటి పరీక్షలు వ్రాయవలెను. పరిశోధన చేయదలచినచో పిమ్మట మరి యైదారేండ్లు. ఈ నడుమ పెండ్లిమాట రాక మానదు. చదువు సగములో ఆపబడునని వెఱచుటకంటె, సంబంధము మాటాడునాడే "పిల్ల యింకను చదువును" అని వియ్యాలవారితో తేల్చి చెప్పుట మేలు. అట్లు చెప్పుటకు తల్లికే నోరు రావలెను.

కళాశాలలో చేర్చునపుడు ఫీజు మాత్రమే అడిగి రాకుడు. ప్రయోగశాల చూపుమనుడు. పిల్ల తన చేతితో సూక్ష్మదర్శిని త్రిప్పునా, దూరమున నిలిచి చూచునా? రికార్డు పుస్తకము పాత విద్యార్థినిది చూచి వ్రాయించు చోటులును కలవు, నేను విన్నాను. రసాయనశాస్త్రము తోడుగా లేని కోర్సును మాత్రము ఒప్పుకొనవలదు. రసాయనము రానివారికి కణము లోపలి కథ సగమే తెలియును.

ఆ బాలిక రసాయనముతోనే చేరినది. తండ్రి మొదట ఒప్పుకొనలేదు; తల్లి మూడు దినములు మాటాడక సాధించినది. మొన్న ఆశ్వయుజమున మా యింటికి వచ్చి, పండిన సీతాఫల మొకటి విప్పి, చెంచాడు గుజ్జు చిన్న సీసాలో పోసికొని కళాశాలకు తీసికొనిపోయినది. ఏమి కనబడినదో చెప్పుటకు ఆదివారము వచ్చెద నన్నది.