విడాకుల కాగితము ఎక్కడ దొరకును?

గత సంవత్సరము మన కళాశాల విద్యార్థిని ఒకతె తన తల్లిని వెంటబెట్టుకొని మా స్టాఫ్ రూమునకు వచ్చినది. తల్లి చేతిలో ఒక గుడ్డ సంచి. అందులో రేషను కార్డు, ఆధారు కార్డు, గతించిన తండ్రిగారి పింఛను పుస్తకము ఉన్నవి. "మాస్టారూ, నాకు తలాక్ అయినట్టు కాగితం తెమ్మంటున్నారు. అది ఏ ఆఫీసులో ఇస్తారో కాస్త చెప్పండి" అని ఆమె అడిగినది. ఎం.ఏ. పట్టము పుచ్చుకొని యేండ్ల తరబడి పాఠములు చెప్పుచున్న మాకు ఆ చిన్న ప్రశ్నకు జవాబు తెలియలేదు. తెలిసికొనుటకు నాలుగు నెలలు పట్టినది. ఆ తెలిసినదానినే ఇక్కడ వ్రాయుచున్నాము. ఆమె పేరును, అత్తవారి ఊరి పేరును వదలివేసినాము.

ఆమె అవసరము ఇది. తండ్రి కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకదానిలో చిన్న ఉద్యోగము చేసి విశ్రాంతి తీసికొని, 2011లో గతించినాడు. తల్లి 2023లో పోయినది. కేంద్ర ప్రభుత్వ కుటుంబ పింఛను నిబంధనల ప్రకారము, తల్లిదండ్రులిరువురి తరువాత, విడాకులు పొంది వారిపై ఆధారపడిన కుమార్తెకు, మరికొన్ని షరతులకు లోబడి, పింఛను రావచ్చును. కాని ఆ విడాకులు తల్లిదండ్రులలో ఒక్కరైనను బ్రతికియుండగా జరిగియుండవలెను. 2017లో కొంత సడలింపు వచ్చినది: వారి జీవితకాలములో కోర్టులో వ్యాజ్యము దాఖలైయున్నచో, తీర్పు తరువాత వచ్చినను చాలును. కనుక ఆమెకు కావలసినది తలాక్ అయినదను మాట కాదు, తేదీ గల రుజువు.

మొదట గ్రహింపవలసిన సంగతి: మన రాష్ట్రములో విడాకులకు ప్రభుత్వ రిజిస్టరు అనునది లేనేలేదు. జనన మరణములకు 1969 నాటి చట్టము కలదు. వివాహములను తప్పనిసరిగా నమోదు చేయించుటకు 2002లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చినది. విడాకులకు మాత్రము అటువంటి పుస్తకము లేదు. బెంగాలు ప్రాంతములో 1876లోనే ముస్లిముల వివాహములను, విడాకులను ఇష్టపూర్వకముగ నమోదు చేయు చట్టము వచ్చినది. అస్సాములో 1935 నాటి చట్టము 2024లో రద్దగువరకు నడచినది. మనకు అట్టిది రాలేదు. అందుచేత మునిసిపాలిటీలోను, గ్రామ సచివాలయములోను విడాకుల సర్టిఫికేటు అడుగుట వృథా శ్రమ. ఆ తల్లి అప్పటికే రెండు చోట్ల తిరిగి వచ్చినది.

మేము ఏలూరులోని ఖాజీ దఫ్తరుతో ప్రారంభించినాము. ఆమె నిఖా అక్కడనే జరిగినది. నిఖానామా ప్రతులలో ఒకటి సాధారణముగ దఫ్తరులో ఉండును. అడుగువారు వధూవరుల పేర్లు, తండ్రుల పేర్లు, సాక్షుల పేర్లు, హిజ్రీ తేదీ తెలియనిచో కనీసము ఆంగ్ల సంవత్సరము, నిఖా జరిగిన పేట పేరు ఒక కాగితముపై వ్రాసి తీసికొని పోవలెను. నోటిమాటగా అడిగిన "రేపు రండి" అను జవాబు వచ్చును. వ్రాసి ఇచ్చి, నకలుపై సంతకము తీసికొన్న వెదకుదురు. పద్దు దొరకినది. మెహర్ మొత్తముతో సహా అన్నియు స్పష్టముగ ఉన్నవి. అయితే అది పెండ్లికి రుజువేగాని, విడాకులకు కాదు.

ఖాజీ గారు విడాకుల సర్టిఫికేటు ఈయరాదా అని చాలమంది అడుగుదురు. 1880 నాటి ఖాజీల చట్టము మొట్టమొదట మద్రాసు గవర్నరు పాలనలోని ప్రాంతములకే వర్తింపజేయబడినది, అనగా మన గోదావరి కృష్ణా మండలములకు కూడ. ఆ చట్టములోని నాలుగవ సెక్షను ఖాజీకి న్యాయాధికారముగాని, పరిపాలనాధికారముగాని కలుగజేయుట లేదని తేటగ చెప్పుచున్నది. తలాక్ విషయమై ఖాజీ ఇచ్చు సర్టిఫికేటు కేవలము అభిప్రాయమేనని, కోర్టులను అది కట్టివేయదని 2017 జనవరిలో మద్రాసు హైకోర్టు చెప్పినది. ఫత్వాలకు, దారుల్ ఖజాల నిర్ణయములకు చట్టబలము లేదని సుప్రీంకోర్టు 2014లోనే తీర్పు ఇచ్చియున్నది. ఖాజీ వ్రాసి ఉంచుకొన్న తలాక్, ఖులా పద్దులు నిరుపయోగమని దీని అర్థము కాదు. అవి సాక్ష్యములు. సాక్ష్యము వేరు, తీర్పు వేరు.

ఇక కోర్టు. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టము క్రింద స్త్రీ వేసిన వ్యాజ్యమైనను, హిందూ వివాహ చట్టము క్రింద వేసిన ఓ.పి. అయినను, తీర్పు డిక్రీలు అది నడచిన కోర్టు రికార్డు గదిలో ఉండును. నకలు పొందుటకు కాపీ అప్లికేషన్ వేయవలెను. అందులో కోర్టు పేరు, కేసు నంబరు, సంవత్సరము, ఉభయపక్షముల పేర్లు, ఏ కాగితము కావలెనో (తీర్పా, డిక్రీయా, పిటిషనా, కౌంటరా) విడివిడిగా వ్రాయవలెను. తరువాత కాపీ స్టాంపులు ఎన్ని కావలెనో నోటీసు బోర్డున పెట్టుదురు. గడువులోగా వానిని దాఖలు చేయనిచో అప్లికేషన్ కొట్టివేయబడును. దూరప్రాంతముల వారికి నష్టము కలుగునది ఇక్కడనే: అప్లికేషన్ వేసి ఊరికి పోయి నెల తరువాత వత్తురు. ఈ విద్య వకీలు కంటె ఆయన గుమాస్తాకే బాగుగ తెలియునని మా అనుభవము.

కక్షిదారు కానివారు నకలు కోరినచో కారణము తెలుపుచు అఫిడవిట్టు వేసి కోర్టు అనుమతి పొందవలెను. కుటుంబ వ్యవహారములలో ఈ కట్టుబాటు న్యాయమైనదే. సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును గదా అని కొందరందురు. కోర్టు కాగితములకు కోర్టు నిబంధనల దారిలోనే పోవలెనని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చినది. నంబరు మరచినవారు ఇటీవలి కేసులను ఈ-కోర్టుల వెబ్‌సైటులో పేరునుబట్టి వెదకవచ్చును. పాత కేసులకు మాత్రము రిజిస్టరులే శరణ్యము. ఒక సౌకర్యము చాలమందికి తెలియదు: హిందూ వివాహ చట్టములోని 23వ సెక్షను ప్రకారము విడాకుల డిక్రీ నకలు ఒకటి ఉభయులకును ఉచితముగ ఈయవలెను. భరణపు ఉత్తరువు నకలును కూడ ఆ స్త్రీకి ఉచితముగ ఈయవలెనని క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఉండెను. 2024 జూలై 1 నుండి దాని స్థానములో వచ్చిన సంహితలోను ఉన్నది.

భరణము మాట వచ్చినది గనుక ఆ తల్లి కథ మరల అందుకొందుము. భర్త 2004లో అత్తవారి ఊరి మసీదు పెద్దల ఎదుట తలాక్ చెప్పినాడు. ఆమె పుట్టింటికి వచ్చి భరణమునకు కేసు వేసినది. ఎం.సి. నంబరు ఆమెకు గుర్తు లేదు. "బిడ్డకు అప్పుడే పళ్ళు వస్తున్నాయి మాస్టారూ" అని మాత్రము చెప్పినది. ఆ గుర్తును పట్టుకొని రిజిస్టరు వెదకించినాము. 2006 నాటి ఉత్తరువు దొరకినది. నకలు చేతికి వచ్చిన దినమున ఆమె ముఖము వెలిగినది. చదివిన తరువాత మా ముఖము వాడినది.

కారణము చెప్పెదము. ఆ కేసులో భర్త "నేను తలాక్ ఇచ్చితిని, ఈమె నా భార్య కాదు" అని కౌంటరు వేసినాడు. సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో, తలాక్‌కు సహేతుకమైన కారణము ఉండవలెనని, ముందుగ ఉభయపక్షముల పెద్దలచే రాజీ ప్రయత్నము జరుగవలెనని, తలాక్ ఇచ్చితినని కౌంటరులో వ్రాసినంత మాత్రమున అది రుజువు కాదని తీర్పు చెప్పినది. దానిననుసరించి మేజిస్ట్రేటు, తలాక్ రుజువు కాలేదు, ఈమె భార్యయే, భరణము ఈయవలెను అని వ్రాసినారు. ఆనాడు ఆమెను కాపాడిన వాక్యమదే. ఈనాడు పింఛనుకు అడ్డు వచ్చునదియు అదే. కోర్టు కాగితములో ఉండునది జరిగినది కాదు, రుజువైనది. రికార్డు వెదకువారు నకలు పొందిన వెంటనే కార్యాలయములో దాఖలు చేయక, ముందు పూర్తిగ చదివించుకొనవలెను. మేము తొందరపడియున్నచో ఆమెకు అన్యాయము చేసియుందుము.

ఇక మిగిలినది భర్త ఊరు. అది కొల్లేటి ప్రక్కన, కైకలూరు వైపున ఉన్నది. ఇక్కడ ఒక చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగ గల పశ్చిమ గోదావరిలో నిలిచినది. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. జిల్లా మారినంత మాత్రమున పాత కాగితములు తమంతట తాము నడచిరావు. కైకలూరు వైపు పాత వ్యాజ్యములకు మచిలీపట్నము దారి కూడ విచారింపవలసి యుండును. ఇంతకుముందు 1925లో కృష్ణా మండలము చీలి పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడును ఇదే పరిస్థితి. కేసు నడచిననాడు ఆ ఊరు ఏ జిల్లాలో ఉండెనో అదియే చూడవలెను.

క్రైస్తవ సోదరుల పాత విడాకుల విషయములో ఇది మరింత దూరము పోవును. 1869 నాటి విడాకుల చట్టము క్రింద జిల్లా కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీని హైకోర్టు ఖాయపరుపవలసి యుండెను. 2001 సవరణతో ఆ నియమము పోయినది. కనుక అంతకుముందరి కేసులలో రెండవ కాగితము హైకోర్టులో ఉండును: 1954 వరకు మద్రాసు, తరువాత గుంటూరు, 1956 నుండి హైదరాబాదు. 2019 జనవరి 1 నుండి మన హైకోర్టు అమరావతిలో ఉన్నది.

హిందువులలో కొన్ని కులములవారు పెద్దమనుషుల సమక్షమున తెగతెంపులు చేసికొని స్టాంపు కాగితముపై వ్రాసికొనుట కలదు. అట్టి ఆచారమును హిందూ వివాహ చట్టములోని 29వ సెక్షను కాపాడినది. కాని ఆ ఆచారము తమ కులములో ఉన్నదని కోర్టులో రుజువు చేయవలెనని, కాగితమొక్కటియే చాలదని సుప్రీంకోర్టు 2002లో చెప్పినది. ఇట్టి పత్రములను కొందరు సబ్-రిజిస్ట్రారు కచేరీలో రిజిస్టరు చేయింతురు. అవి నాలుగవ పుస్తకములో చేరును. స్థిరాస్తి దస్తావేజులుండు ఒకటవ పుస్తకమును ఎవరైనను చూడవచ్చును; నాలుగవ పుస్తకములోని నకలు మాత్రము పత్రము వ్రాసినవారికి, దాని క్రింద హక్కు గలవారికి, వారి ప్రతినిధులకే ఇత్తురు. మెహర్ క్రింద భూమి వ్రాసి ఇచ్చియున్నచో అది ఒకటవ పుస్తకములో ఉండును. కనుక ఈసీ తీయించుట మంచిది. పోయిన తేదీలు కొన్ని అక్కడ పట్టుబడును.

మాకు దారి చూపినది కచేరీ కాదు, మసీదు పెట్టె. 2009లో భరణము బాకీపై పెద్దలు కూర్చుండి, ఉభయుల సమ్మతితో, అనగా ముబారాత్ పద్ధతిలో, సంబంధము తెంచి, కొంత మొత్తము ఇప్పించి కాగితము వ్రాయించినారట. ఆమె దానిని భరణపు రసీదు అనుకొన్నది. అది ఉర్దూలో ఉన్నది, ఆమెకు ఉర్దూ మాటలాడుటయే గాని చదువుట రాదు. ముతవల్లి గారు రేకు పెట్టె తెరచి తీసినారు. కొల్లేటి చెమ్మకు అంచులు చివికినవి గాని, తేదీ, ఇద్దరి సంతకములు, సాక్షుల పేర్లు చదువుటకు వీలుగనే ఉన్నవి. తండ్రి అప్పటికి బ్రతికియున్నాడు.

ఇట్టి కాగితమునకు చట్టబలము తెచ్చు దారి 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టములోని ఏడవ సెక్షనులో ఉన్నది. ఒక వ్యక్తి వివాహ స్థితిని ప్రకటింపుమని కోర్టును కోరవచ్చును. కోర్టు బయట జరిగిన ఖులాను, ముబారాత్‌ను ఈ విధముగ పరిశీలించి ప్రకటింపవచ్చునని కేరళ హైకోర్టు 2021లో చెప్పినది. ప్రైవేటు సంస్థలిచ్చు ఖులా సర్టిఫికేట్లు చెల్లవని, కోర్టుకే పోవలెనని మద్రాసు హైకోర్టు 2023లో చెప్పినది. మన పొరుగున తెలంగాణ హైకోర్టు 2025 జూనులో ఖులా స్త్రీకి గల సంపూర్ణమైన హక్కని, ముఫ్తీ ఇచ్చు ఖులానామా దానికి అవసరము కాదని తీర్పునిచ్చినది. మూడు హైకోర్టులు మూడు మాటలు చెప్పినను, చివరకు చేతికి రావలసినది కోర్టు ముద్ర గల కాగితమే.

1987 నాటి న్యాయసేవాధికార చట్టము ప్రకారము స్త్రీలకు, వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచితముగ వకీలును ఇత్తురు. ఏలూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టిన చాలును. ఆమె పెట్టినది. ఉర్దూ కాగితమునకు తెలుగు అనువాదము మేము చేసి ఇచ్చినాము. సాక్షులలో ఇద్దరు జీవించియున్నారు. వారిలో ఒకాయన లంక గ్రామమునుండి వర్షాకాలమున రాలేనన్నాడు గనుక వాయిదా సంక్రాంతి తరువాతకు కోరినారు.