పక్కింటి కబుర్లలోనే ఉంటుంది ఆచూకీ!

"చివరి పేజీ మాత్రం చెప్పకే తల్లీ!"

డిటెక్టివ్ నవల చేతులు మారేటప్పుడు అక్కచెల్లెళ్ల మధ్యా, తోడికోడళ్ల మధ్యా తప్పకుండా వినిపించే మాట ఇది. మామూలు నవలైతే కథ అడిగి చెప్పించుకుని మరీ చదువుతాం. హత్య కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒట్టు పెట్టించుకుంటాం. హంతకుడెవరో తెలిసిపోతే ఇక చదవడానికేముంది అనుకుంటాం కదా! కానీ కొన్ని నవలలు అలా కాదు. దొంగ ఎవరో తెలిశాక కూడా మళ్లీ చదవబుద్ధేస్తుంది. ఎందుకంటే మనకు గుర్తుండిపోయేది హత్య కాదు, ఆ ఊళ్లో మనుషులు.

పెద్ద గ్రంథాల నడుమ చిన్న పుస్తకం

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గర్లోనే ఉంది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. ఉర్దూ, పారశీకం, తెలుగు, ఇంగ్లీషు... ఎన్ని భాషల పుస్తకాలో! బేగంబజారులో స్టీలు సామాను కొనుక్కుని ఆ దారినే బస్సెక్కే ఆడవాళ్లెందరో. వాళ్లలో ఎంతమంది ఆ మెట్లెక్కుతారో గానీ, ఎక్కినవాళ్లకు కూడా అంత పెద్ద భవనంలో నిలబడి "ఒక డిటెక్టివ్ నవల ఇవ్వండి" అని అడగాలంటే కాస్త మొహమాటమే. "కాలక్షేపం పుస్తకాలు" అన్న చిన్నచూపు మనవాళ్లలో ఎప్పటినుంచో ఉంది మరి.

అయినా చదవడం మానలేదు మనం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు తెలుగువాళ్ల ఇళ్లలో మనుషుల్లా తిరిగారు. 'చావుకేక', 'లక్షాధికారి హత్య' లాంటివి అద్దె లైబ్రరీల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. యుగంధర్‌ది మద్రాసు. పట్నం డిటెక్టివు. మరి చిన్న ఊళ్లో, అందరికీ అందరూ తెలిసిన చోట హత్య జరిగితే?

1926లో రేగిన గొడవ

అలాంటి కథే అగాథా క్రిస్టీ రాసిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'. 1926లో వచ్చింది. ఇంగ్లండులో కింగ్స్ ఎబాట్ అనే చిన్న ఊరు. కథ చెప్పేది ఆ ఊరి డాక్టరు షెపర్డ్. పేరుమోసిన డిటెక్టివ్ పొయిరో ఉద్యోగం చాలించి, ఆ ఊళ్లో కూరగాయలు పండించుకుంటూ పక్కింట్లో ఉంటాడు. ఆయన మీసాలు చూసి డాక్టరుగారు ఈయనెవరో క్షవరాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్నాయన కాబోలు అనుకుంటాడు!

ఈ నవల ముగింపు చూసి చదువరులు రెండు జట్లయిపోయారు. "ఇది మోసం, రచయిత్రి మనల్ని తప్పుదోవ పట్టించింది" అని కొందరు. "ఆధారాలన్నీ మన కళ్లముందే పెట్టింది, చూసుకోకపోతే ఆవిడ తప్పా?" అని మరికొందరు. ఆమెలాగే డిటెక్టివ్ నవలలు రాసే డొరొతీ సేయర్స్ ఈ రెండో జట్టు. చదివేవాళ్లు ప్రతి ఒక్కరినీ అనుమానించాల్సిందేనని ఆవిడ వాదన. ముగింపేమిటని అడక్కండి, ఒట్టు ఒట్టే!

ఆ గొడవ అంతటితో ఆగలేదు. ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు డిటెక్టివ్ కథల్ని తీసిపారేస్తూ 1944లో ఒక వ్యాసం రాస్తే, ఆయనకు పాఠకుల ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. ఆయన తగ్గలేదు. అక్రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవరికి కావాలి అన్న అర్థం వచ్చే శీర్షికతో 1945లో మరో వ్యాసం రాశాడు. 1998లో పియరీ బయార్ అనే ఫ్రెంచి ప్రొఫెసరయితే, అసలు పొయిరోనే పొరపాటు పడ్డాడు, హంతకులు వేరే అంటూ ఏకంగా ఒక పుస్తకమే రాసేశాడు. 2013లో బ్రిటన్‌లోని క్రైమ్ రచయితల సంఘం అన్ని కాలాల్లోకీ మేటి క్రైమ్ నవలగా దీన్నే ఎన్నుకుంది. కాలక్షేపం పుస్తకానికి ఇంత చర్చా!

ఇంట్లో కూచునే అన్నీ తెలుసు

ఇందులో మనకు బాగా దగ్గరయ్యే మనిషి డాక్టరుగారి అక్కయ్య కారొలిన్. పెళ్లి కాలేదు. గడప దాటకుండానే ఊరంతా తెలుసు. పాలవాడు, పనివాళ్లు... వీళ్లే ఆవిడ వార్తాపత్రిక. తమ్ముడు ఇంటికొచ్చి చెప్పేలోపే కబురు ఆవిడకు చేరిపోయి ఉంటుంది. నలుగురు కూచుని ఆట ఆడుకునే రాత్రి, పావులు కదుపుతూనే ఊళ్లో గుట్లన్నీ విప్పేస్తారు. మనిళ్లలో అష్టాచెమ్మా దగ్గర జరిగేదీ అదే కదా!

1928లో ఈ కథను నాటకంగా వేసినప్పుడు కారొలిన్‌ని తీసేసి, ఆమె స్థానంలో ఒక పడుచు పిల్లను పెట్టారు. క్రిస్టీకి ఎంతమాత్రం నచ్చలేదు. తరవాత్తరవాత తన పాఠకులకు ప్రాణమైన మిస్ మార్పుల్ అనే పెద్దావిడ పుట్టడానికి కారొలిన్ కూడా కారణమై ఉండొచ్చని తన ఆత్మకథలో చెప్పుకుంది. మిస్ మార్పుల్ మొదటి నవల 1930లో వచ్చింది. అల్లిక పని చేసుకుంటూ, ఈ మనిషి ఫలానా ఆవిడలా ఉందే అని పోల్చుకుంటూ హత్యల చిక్కులు విప్పేస్తుందావిడ. ఆడవాళ్లు ఊసుపోక చెప్పుకునేవని కొట్టిపారేసే సంగతులే అక్కడ సాక్ష్యాలు.

కబురు వేరు, రుజువు వేరు

అలాగని అరుగుమీది కబుర్లన్నీ గొప్పవని కాదు. ఇదే నవలలో ఫెరార్స్ అనే వితంతువు ఉంది. తాగుబోతు మొగుడి చేతిలో బాధలు పడిన మనిషి. ఆమె గుట్టు ఒకటి తెలుసుకుని ఎవరో అదేపనిగా డబ్బు గుంజుతుంటారు. ఊళ్లో అందరూ ఆమె గురించి మాట్లాడుకునేవాళ్లే. ఆమెతో మనసు విప్పి మాట్లాడినవాళ్లు ఎంతమంది? నవల మొదలయ్యేసరికే ఆమె చనిపోయి ఉంటుంది.

హంతకుడెవరన్న ఆత్రం తీరాక మనల్ని వదలనిది ఈ సంగతే. ఆమె ఎవరికైనా చెప్పుకోగలిగి ఉంటే? ఇక్కడ మన వాడకట్టుల్లోనూ అంతే. గోడకు చెవులుంటాయన్న భయంతో ఎందరు ఆడవాళ్లు కడుపులో దాచుకుని కుమిలిపోవడం లేదు! ఒకరి గుట్టు మరొకరికి ఆదాయమయ్యే చోట, విన్నది విన్నట్టు ఊరంతా చాటడం ఎంత కీడో ఈ నవల చూపిస్తుంది. డిటెక్టివూ కబుర్లు వింటాడు. కానీ విన్నదాన్ని తూకం వేస్తాడు, రుజువయ్యేదాకా నోరు విప్పడు. కారొలిన్ తెలివికి ఆ ఓర్పు కూడా తోడైతే మిస్ మార్పుల్ అవుతుంది.

నలుగురు కలిసి చదువుకుంటే...

* ఒక్క పుస్తకాన్నే వంతులవారీగా చదవండి. చివరి రెండు అధ్యాయాల ముందు అందరూ ఆగండి.

* ఎవరిమీద అనుమానమో చీటీ రాసి ఒక డబ్బాలో వెయ్యండి. అనుమానానికి కారణం కూడా రాయాలి, ఊరికే పేరు రాస్తే ఒప్పుకోవద్దు.

* పుస్తకం అయ్యాక చీటీలు విప్పండి. ఎవరు గెలిచారన్నదానికంటే, ఏ ఆధారాన్ని ఎక్కడ దాటేశారో చూసుకోవడంలోనే సరదా ఉంది.

* ఈ కథలో ఎవరు ఏం దాచారు, ఎందుకు దాచారు అని మాట్లాడుకోండి. అప్పుడు పెద్దత్తయ్య నుంచి కాలేజీ పిల్ల దాకా అందరికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

* గ్రంథాలయంలో పుస్తకం అడగడానికి మొహమాటపడకండి. పేరు, రచయిత్రి పేరు కాగితం మీద రాసుకెళితే పని సులువు.

ఇక చివరి పేజీ... చదవని వాళ్లకు మాత్రం చెప్పకండేం!