విదేశవిద్యకు ముందు వేయవలసిన లెక్క

చదువు కొరకు సముద్రములు దాటిన తెలుగువారి కథలలో మనము వారి ప్రతిభను చెప్పుకొందుము గాని, వారి పద్దును చెప్పుకొనము. 1902లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జికి వెళ్లినది ప్రభుత్వ విద్యార్థివేతనముతో. 1923లో యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను నగరము చేరుటకు మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి ఆదరువును కారణములు. చేరిన పిమ్మటకూడ ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేసికొని ఆయన రోజులు గడుపుకొనవలసి వచ్చినది. నాటి ఆధారములు ప్రభుత్వమును, దాతయును. నేడు వాటికి బ్యాంకు అప్పు తోడైనది.

అయితే ఆ అప్పు అందరి వాకిటికి ఒకే తీరున రాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలమునే చూడుడు. కాఫీ, మిరియములు అచటి గిరిజన కుటుంబములకు రొక్కము తెచ్చు పంటలు. ఏడున్నర లక్షలు దాటిన విద్యాఋణమునకు బ్యాంకులు సాధారణముగ ఆస్తి హామీ కోరును. మైదానపు రైతు పొలము కుదువ పెట్టగలడు. కొండమీది రైతుకు ఆ వీలు తక్కువ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానికి 1970లో వచ్చిన సవరణయు ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పరము కాకుండ కాపాడుచున్నవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము వలన వచ్చిన పట్టా బిడ్డలకు సంక్రమించును గాని, అమ్ముటకు వీలుపడదు. అమ్మి బాకీ రాబట్టుకొనలేని భూమిపై బ్యాంకు అప్పు ఈయదు.

ఇది చట్టము చేసిన తప్పు కాదు. ఆ కంచె లేకున్న నేడు ఆ తోటలు ఎవరి చేతిలో నుండెడివో ఊహింపవచ్చును. కాని కంచె వేసిన ప్రభుత్వమే బాటకూడ వేయవలెను గదా! ఆ బాట పేరు జాతీయ విదేశ విద్యార్థివేతనము. 1954-55లో ఆరంభమైన ఈ పథకము క్రింద గిరిజన వ్యవహారముల మంత్రిత్వశాఖ యేటా 20 మందిని ఉన్నతవిద్యకు పంపును. అందులో 3 స్థానములు కొండరెడ్ల వంటి మిక్కిలి వెనుకబడిన తెగలవారికి ప్రత్యేకము. బోధనరుసుము గాక, జీవనవ్యయమునకు అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటనులో 9,900 పౌండ్లు ఇత్తురు. 15,400 డాలర్లనగా నెలకు సుమారు 1,283. గది అద్దె, భోజనము, ప్రయాణము ఇందులోనే జరుగవలెను. వంట వచ్చినవాడు నెగ్గుకొని వచ్చును. హోటలు నమ్ముకొన్నవాడు నెల నడుమనే చేయి చాచును.

ఈ వేతనము దక్కనివారు జర్మనీవంక చూడవచ్చును. అచటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధనరుసుము లేదు. అయినను విద్యార్థి మొదటి యేటి ఖర్చును ముందే ఒక ప్రత్యేక ఖాతాలో చూపవలెను. 2024లో ఆ మొత్తము 11,904 యూరోలుగా, అనగా నెలకు 992 చొప్పున, నిర్ణయమైనది. లెక్క కొరకు యూరోకు నూరు రూపాయలనుకొన్న 11,90,400 రూపాయలగును. మారకపు ధర అయిదు రూపాయలు పెరిగిన చాలు, 59,520 రూపాయలు అదనముగ వెదకుకొనవలెను. కావున మొత్తముపై పదవవంతు విడిగా నుంచని పద్దు పద్దే కాదు. అక్కడికి పోయి పనిచేసి సంపాదింతునన్న సొమ్మునుకూడ జమలో వ్రాయరాదు. దొరకిన పని జమ. దొరకని పని ఆశ.

పెద్ద ఖర్చుకంటె చిన్న ఖర్చే తరచుగ పిల్లల కాళ్లకు అడ్డుపడును. పాసుపోర్టు రుసుము 1,500 రూపాయలు, ఆంగ్లభాషా పరీక్ష, దరఖాస్తు రుసుములు, మార్కుల పత్రముల నకళ్లు, కొండ దిగి విశాఖపట్టణమునకు పలుమారులు రాకపోకలు — ఇవన్నియు ఏ వేతనమును చేతికి రాకముందే ఇంటినుండి పెట్టవలసినవి. ఇచటనే ఉపాధ్యాయుల అవసరము. డిగ్రీ మొదటియేటనే విద్యార్థిచేత ఒక పుస్తకము పెట్టించి, వెళ్లుటకు ముందు అగునది, చేరునాడు అగునది, నెలనెల అగునది, ఆపదకు దాచునది అని నాలుగు పుటలు వ్రాయించవలెను. ఒక్కొక్క పుటకు ఎదురుగ ఆ సొమ్ము ఎచటినుండి వచ్చునో వ్రాయించవలెను. ఎదుటిపుట ఖాళీగనుంటే దళారి మాట విని వడ్డీవ్యాపారి గడప తొక్కుటకంటె ఒక యేడు ఆగుట మేలు.

దేశమంతటికిని 20 స్థానములు చాలునా అన్నది ప్రభుత్వము వేసికొనవలసిన లెక్క. ఉన్న ఇరువదింటికైన గూడెం కొత్తవీధినుండి ఒక దరఖాస్తు సకాలమున చేరునా అన్నది మన బడులు వేసికొనవలసిన లెక్క.